చిన్న పట్టణాల మాస్టర్ ప్లాన్: ప్రజలను ఏ దశలో అడగాలి?

మెట్టపొలం

కామారెడ్డిలో 2023 జనవరిలో జరిగినదాన్ని ముందుంచుకొని ఈ ప్రశ్నను చర్చకు పెడుతున్నాను. పురపాలక సంఘం ప్రకటించిన మాస్టర్ ప్లాన్ (ఏ భూమిని దేనికి వాడాలో చెప్పే పట్టణ ప్రణాళిక) ముసాయిదాలో తమ పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లోకి, గ్రీన్ జోన్‌లోకి, వంద అడుగుల రోడ్ల కిందికి పోతున్నాయని తెలిసిన రైతులు ఆందోళనకు దిగారు. ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నారు. జనవరి 5న కలెక్టరేట్ ముట్టడి జరిగింది, 20న పాలకవర్గం ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే నెలలో ఇదే తీరున ముసాయిదాను వెనక్కి తీసుకున్నారు.

ఇది ముసాయిదా మాత్రమేనని, జనవరి 11 వరకు అభ్యంతరాలు చెప్పుకోవచ్చని అధికారులు అన్నారు. చట్టప్రకారం ఆ మాటలో తప్పు లేదు. నా అభ్యంతరమల్లా ఆ క్రమం మీదే. పటం మీద నివాసాలకు పసుపు, పరిశ్రమలకు ఊదా, పార్కులకు ఆకుపచ్చ రంగులు వేసి, ఫ్లెక్సీ కట్టి, ఆ తర్వాత అభిప్రాయం అడిగితే, తన సర్వే నంబరు ఏ రంగులో పడిందో వెతుక్కోవడం తప్ప రైతుకు చెప్పడానికి ఏముంటుంది? అడగడం రంగులు వేయకముందే జరగాలని నా వాదన.

ప్రణాళికా విభాగం (విశ్రాంత)

మెట్టపొలం గారి ఆవేదన అర్థమైంది కానీ, ముందే అడిగితే ఏం జరుగుతుందో కూడా చూడాలి. బైపాస్ ఎటు వస్తుందన్న మాట బయటికి పొక్కిన వారంలోనే ఆ వైపు భూములకు బయానాలు ఇవ్వడం మొదలవుతుంది. పైగా సభకు వచ్చేది ఎవరు? పాసుపుస్తకం ఉన్నవారు. పట్టణానికి డంపింగ్ యార్డు కావాలి, వాననీటి కాలువ కావాలి, వెడల్పైన రోడ్డు కావాలి. ఇవన్నీ అవసరమని అందరూ ఒప్పుకుంటారు, తమ పొలంలో మాత్రం వద్దంటారు.

ప్రణాళిక రద్దయితే పట్టణం పెరగడం ఆగిపోదు. వెంచర్లు ఒకదాని పక్కన ఒకటి వెలుస్తాయి. ఒకరి లేఅవుట్‌లోని రోడ్డు నేరుగా వెళ్లి పక్క లేఅవుట్ ప్రహరీ గోడ దగ్గర ఆగిపోతుంది, రెండింటి మురుగునీరు ఆ గోడ కిందే నిలుస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత అక్కడ ఫైరింజన్ తిరగడానికి చోటుండదు. ఆ నష్టం అనుభవించేవారు ఇవాళ సభలో లేరు, కాబట్టి వారి తరఫున ఎవరో ఒకరు గీత గీయక తప్పదు.

విలీన గ్రామం

ఇద్దరూ ఒక విషయాన్ని వదిలేశారు. ఊరు పంచాయతీగా ఉన్నంత కాలం దానికి గ్రామసభ ఉంటుంది. మున్సిపాలిటీలో కలిసిన మరునాడు ఆ సభ పోతుంది. రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోట్లకే. తెలంగాణ పురపాలక చట్టం 2019 ప్రతి వార్డులోనూ యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు వేయమంది, సంతోషమే. వాటి ముందు మొక్కలు, చెత్త లాంటి విషయాలతో పాటు భూమి వినియోగ పటాన్ని కూడా ఎందుకు పెట్టకూడదు?

కౌలుదారు పక్షం

పెట్టండి, కానీ ఆ పొలం దున్నుతున్న కౌలు రైతు పేరు ఏ కమిటీలోనూ, ఏ పాసుపుస్తకంలోనూ ఉండదని గుర్తుంచుకోండి. జోన్ మారితే పట్టాదారుకు ధర పెరగడమో తగ్గడమో జరుగుతుంది, కౌలుదారుకు మాత్రం పని పోతుంది.

మెట్టపొలం

విశ్రాంత అధికారి గారు చెప్పిన బయానాల సంగతి నిజమే. అయితే పటం రహస్యంగా ఉంచినప్పుడు కూడా ఆ కబురు కొందరికి ముందే అందుతోంది, అందనిది పొలం గట్టు మీద ఉన్నవారికే. నేను మొదటి దశలో అడగమన్నది రోడ్డు ఎటు పోవాలని కాదు. చెరువు మత్తడి పోస్తే నీరు ఏ దారిన పారుతుంది, బండ్లబాట ఎక్కడుంది, శ్మశానం ఏది, రెండు పంటలు పండే భూమి ఎక్కడ, ఏళ్లుగా బీడు పడినది ఎక్కడ అన్న వివరాలు. వీటికోసం ఉపగ్రహ చిత్రాన్ని చూస్తే సరిపోదు. వాన వెలిసిన రెండు నెలలకు తీసిన చిత్రంలో మత్తడి వాగు ఉత్త ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. కౌలుదారును కూడా లెక్కలోకి తేగలిగేది ఈ దశలోనే, ఎందుకంటే ఇక్కడ అడిగేది పట్టా కాదు, పొలం గురించిన ఎరుక.

ఇక భారం సంగతి. గీత కింద పడిన ఒక్కడే నష్టపోతూ, పక్కవాడు రోడ్డు ముఖం పొంది లాభపడే పద్ధతిలో ఏ సభ పెట్టినా గొడవే. గుజరాత్‌లో 1976 చట్టం కింద నడిచే టౌన్ ప్లానింగ్ స్కీముల్లో ఆ ప్రాంతంలోని భూములన్నిటి నుంచీ కొంత వాటా తీసుకొని, మిగిలినదాన్ని కొత్త హద్దులతో తిరిగి ఇస్తారు. మన దగ్గర ఆ దారి ఎందుకు ఆలోచించరు?

ప్రణాళికా విభాగం (విశ్రాంత)

ఆ పద్ధతి మంచిదే, కానీ ఒక్కో స్కీము తేలడానికి ఏళ్లు పడుతుంది, ప్రతి యజమానితోనూ కూర్చోవడానికి మనుషులు కావాలి. చిన్న మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ సిబ్బంది ఇళ్ల అనుమతుల దస్త్రాలతోనే సతమతమవుతుంటారు. అందుకే పటం పనిని కన్సల్టెన్సీకి అప్పగిస్తారు, వారు గడువులోగా పటం ఇచ్చి వెళ్లిపోతారు.

మెట్టపొలం

అయితే ఒప్పందంలోనే రాయండి. వార్డువారీగా సభలు జరిపి, సర్వే నంబర్ల జాబితాను తెలుగులో అంటించి, వచ్చిన ప్రతి అభ్యంతరానికీ కారణంతో కూడిన రాతపూర్వక జవాబు ఇచ్చాకే కన్సల్టెన్సీకి రెండో వాయిదా సొమ్ము విడుదల చేయండి. సిబ్బంది కొరత ఉన్నచోట ఇంతకంటే తేలికైన కట్టడి మీకు తోస్తే చెప్పండి, దాని మీదే చర్చిద్దాం.