ఓడలు బండ్లు: తుర్గుత్ రెయిస్ నోట మన సామెత పొసగుతుందా?

ప్రశ్న

పెద్దలందరికీ నమస్కారం. మధ్యధరా సముద్రం నేపథ్యంగా ఒక సాహస నవల రాస్తున్నాను. కథాకాలం 1540 నుంచి 1565 దాకా. ఒక పక్క తుర్కుల ఉస్మానియా (ఒట్టోమన్) సుల్తాను నౌకాదళం, దాని అండ చూసుకుని తిరిగే ఉత్తర ఆఫ్రికా ఓడదొంగలు. మరో పక్క స్పెయిన్, ఇటలీలోని జెనోవా, వాటితోపాటు మాల్టా దీవిలో కోటలు కట్టుకుని కూర్చున్న సెయింట్ జాన్ సంఘపు క్రైస్తవ యోధులు. యుద్ధాలన్నీ రాసేశాను గానీ రెండు ముక్కల సంభాషణ దగ్గర నెల రోజులుగా కలం కదలడం లేదు.

సందర్భం చెబుతాను. తుర్గుత్ రెయిస్ పేరు మోసిన తుర్కు నావికుడు. యూరప్ వాళ్లు డ్రాగూత్ అంటారు. 1540లో కోర్సికా తీరాన జెనోవా వాళ్లకు పట్టుబడ్డాడు. సంకెల వేసి తెడ్డు దగ్గర కూర్చోబెట్టారు. ఒకనాడు మాల్టా యోధుడు లా వాలెట్ అతన్ని ఆ బల్ల మీద చూశాడట. ఈ లా వాలెట్ కూడా 1541లో అవతలి పక్షానికి చిక్కి, ఏడాదిపాటు వాళ్ల ఓడలో తెడ్డు వేసి వచ్చినవాడే. చూసి, "సెన్యోర్ డ్రాగూత్, ఉసాంసా దె గెర్రా" అన్నాడట. తుర్గుత్ తడుముకోకుండా "ఇ ముదాంసా దె ఫోర్తునా" అన్నాడట. "ఇది యుద్ధపు ఆనవాయితీ" అని ఒకరు, "అదృష్టం మారడం కూడా" అని ఇంకొకరు. జరిగిందో, తరువాతి వాళ్లు అల్లారో గానీ కథ మాత్రం నిలిచిపోయింది.

రెండో ముక్కకు "విధి వైపరీత్యం" అని రాశాను. పౌరాణిక నాటకంలో హరిశ్చంద్రుడు కాటి దగ్గర అన్నట్టుంది. కొట్టేశాను. "కాలచక్రం" అన్నాను, అదీ కొట్టేశాను. నోటికి తనంతట తానే వస్తున్న మాట ఒక్కటే: ఓడలు బండ్లు, బండ్లు ఓడలు. తుర్కు నావికుడి నోట అచ్చంగా మన సామెత పెడితే తప్పవుతుందా?

చీరాల సభ్యురాలు, అనువాదకురాలు

పెట్టకండి. ఆ సామెత పలికిన మరుక్షణం మీ తుర్గుత్ సముద్రం వదిలేసి, మన ఊరి రచ్చబండ మీద తలగుడ్డ విప్పుకుని కూర్చుంటాడు. పరాయి దేశపు కథ చదివేవాడికి ఆ పరాయితనం కాస్త తగలాలి కదా. "రోజులు ఒక్కలా ఉండవు" అంటే చాలు. ఏ దేశంవాడైనా అనే మాటే.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి

అమ్మా, మీ అభ్యంతరం సబబే. కానీ తీర్పు చెప్పే ముందు ఆ సామెతకు మూలమైన పద్యం ఒకసారి చూద్దాం. సుమతి శతకంలోది, అందరూ చిన్నప్పుడు వల్లె వేసిందే:

ఓడల బండ్లును వచ్చును
ఓడలు నాబండ్లమీద నొప్పుగ వచ్చున్

రెండో పాదంలో పిల్లలు రెండు చోట్ల తప్పటడుగు వేస్తారు. "నాబండ్ల" అంటే నా సొంత బండ్లు అనుకుంటారు. "నొప్పుగ" అంటే నొప్పి అనుకుంటారు. మా తరగతిలో ఒక అబ్బాయి "బరువు ఎక్కువై బండికి నొప్పి పుట్టింది" అని అర్థం రాశాడు. మార్కులు ఇవ్వలేకపోయాను గానీ ఆ జవాబు ఇప్పటికీ మరచిపోలేదు. నిజానికి రెండూ ద్రుతం, అంటే మాట చివరి "న్" చేసిన పనే. ఓడలున్ + ఆ బండ్ల మీదన్ + ఒప్పుగ. అంటే, ఆ బండ్ల మీదనే ఓడలు కూడా చక్కగా వస్తాయి అని.

ఇప్పుడు అసలు సంగతి. పద్యంలో ఎక్కడా "అవుతాయి" లేదు. ఓడ బండి కావడం, బండి ఓడ కావడం జనం నోట పడ్డాక వచ్చిన మార్పు. పద్యం చెప్పేది కళ్లతో చూడగలిగిన దృశ్యం. ఓడలో బండి ఎక్కి వస్తుంది. ఇంకోసారి అదే బండి మీద ఓడ ఎక్కి వస్తుంది. ఎవరు ఎవరిని మోస్తారన్నది ఆ పూట సంగతి. కలిమి లేములూ అంతే అంటాడు కవి. సామెతలో మాయ ఉంది, పద్యంలో మోత ఉంది. మీ తుర్గుత్ సంకెళ్లలో కూర్చుని మోస్తున్నది కూడా మోతే కదా?

చరిత్ర చదివే సభ్యుడు, హైదరాబాదు

మాస్టారూ, ఆ "మోత" మాట పట్టుకునే నేను వస్తున్నాను. తుర్గుత్ జీవితంలో ఓడ నిజంగానే నేల మీద నడిచింది.

1544లో ఉస్మానియా నౌకాధిపతి బార్బరోసా అతన్ని సొమ్ము కట్టి విడిపించాడు. 1551లో ట్యునీసియా పక్కనున్న జెర్బా దీవి దగ్గర ఓడలు బాగు చేసుకుంటుంటే, జెనోవా నౌకాధిపతి ఆండ్రియా డోరియా వచ్చి ఉన్న ఒక్క దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఈ డోరియా బంధువే మునుపు అతన్ని పట్టుకున్నది. పిల్లి నోట ఎలుక చిక్కినట్టే అనుకున్నారు. తుర్గుత్ ఒక పక్క కోట కడుతున్నట్టు హడావిడి చేయిస్తూ, ఇంకో పక్క కాలువ తవ్వించి, కొవ్వు పూసిన పలకలు పరిపించి, ఓడలను నేల మీదుగా ఈడ్పించి దీవి అవతల నీళ్లలోకి దింపాడు. డోరియా మాత్రం ఖాళీ రేవుకు కాపలా కాస్తూ ఉండిపోయాడు. అదే ఏడాది ఆగస్టులో ట్రిపోలీ కోట సెయింట్ జాన్ యోధుల చేతి నుంచి జారిపోయింది. ఆ ముట్టడిలోనూ తుర్గుత్ ఉన్నాడు.

ఉస్మానియా వాళ్లకు ఇది కొత్త కాదు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ ముట్టడిలో రేవు ముఖానికి ఇనుప గొలుసు అడ్డంగా కట్టి ఉంటే, సుల్తాను రెండో మెహ్మద్ దాదాపు 70 ఓడలను దుంగల మీద దొర్లించి కొండ దాటించాడు. 1565లో మాల్టా ముట్టడిలోనూ కోట ఫిరంగుల కంట పడకుండా పడవలను ఒక రేవు నుంచి ఇంకో రేవుకు గట్టు మీదుగా ఈడ్పించారు.

కాబట్టి చీరాల అక్కయ్యగారూ, ఇది రచ్చబండ సామెత కాదు. అతని వృత్తిలో మాట. సంకెళ్లలో ఆ మాట అన్నవాడు కొన్నేళ్లకు ఓడను నిజంగా గట్టెక్కించాడు. నవలాకారుడికి ఇంతకంటే ఏం కావాలి?

చీరాల సభ్యురాలు

ఇది తెలియక మాట్లాడాను. సగం ఒప్పుకుంటున్నాను. మిగతా సగం ఇది: అయితే పూర్తి సామెత వద్దు. "అవుతాయి" తీసేయండి. మాస్టారు చెప్పిన మోత మిగలాలి.

కాకినాడ సభ్యుడు, రేవులో పనిచేసి విరమించినవాడు

నాకు వ్యాకరణం రాదు గానీ ఓడ తెలుసు. మీ నవలలో ఆ యుద్ధనౌకను ఏమని రాస్తున్నారు? ఇంగ్లీషులో ఉన్నట్టు "గాలీ" అని రాస్తే నవ్వొస్తుంది. గాలి లేకపోయినా నడవడమే దాని గొప్ప! తెరచాప ఉంటుంది, కానీ యుద్ధంలో పని చేసేది తెడ్డే. ఒక్కో పక్కన పాతిక దాకా బల్లలు, బల్లకు నలుగురో అయిదుగురో, అందరిదీ ఒకే తెడ్డు. పొడవు పది మీటర్లు దాటుతుంది. కూర్చుని లాగేది కాదు. లేచి నిలబడి, ముందుకు అడుగు వేసి, ఒళ్లంతా వెనక్కి పడేస్తేనే అది కదులుతుంది. తిండీ నిద్రా మలమూత్రాలూ ఆ బల్ల దగ్గరే. ఓడ కంటికి కనబడక ముందే ముక్కుకు తెలిసేదట.

అందుకే వట్టి "తెడ్డు" అంటే చాలదు. మన పాఠకుడికి ముందు వంటింట్లో పిండి కలిపే తెడ్డు గుర్తుకొస్తుంది, తరువాత గోదావరి పడవ. మొదటి అధ్యాయంలోనే ఆ తెడ్డు పొడవు చూపించండి. ఓడకు "తెడ్ల ఓడ" అనండి, సరిపోతుంది.

ఇంకో మాట. మిగతా సముద్రపు మాటల కోసం వెతుక్కోవద్దు. మన చుక్కాని అరబ్బుల "సుక్కాన్". లంగరు, సరంగు పారసీకం నుంచి వచ్చినవి. కళాసీ కూడా అటు సరుకే. తుర్గుత్ మన రేవుకు వచ్చినా సగం మాటలు అతనికి అర్థమయ్యేవి.

ప్రశ్న అడిగినవారు

కడుపు నిండింది. కాకినాడ గారి మాటతో నాకు ఇంకో చిక్కు కూడా విడింది. మొదటి ముక్క, "ఉసాంసా దె గెర్రా". "యుద్ధ ధర్మం" అని రాసుకున్నాను. ధర్మం అనగానే లా వాలెట్ భీష్ముడైపోతున్నాడు. అతను చెబుతున్నది నీతి కాదు, ఆనవాయితీ. "యుద్ధంలో ఇది మామూలే" అంటే ఎలా ఉంటుంది? మామూలు అరబ్బీ మాటే. అందులో కాస్త ఎగతాళి కూడా పలుకుతుంది.

గుంటూరు సభ్యుడు

మామూలు బాగుంది. పాఠకుడికి కచేరీలో ఇచ్చే మామూలు గుర్తుకు రాకపోతే చాలు!

అసలు ఈ సముద్రపు జగడం మన మాటల్లో ఎంత దూరం వచ్చిందో చూడండి. అరబ్బులు, పారసీకులు పడమటి క్రైస్తవులందరినీ కలిపి "ఫ్రాంకులు" అన్నారు. ఆ మాటే ఫరంగీ అయింది. మన దగ్గరికి వచ్చేసరికి మనిషి పరంగి, అతను తెచ్చిన పెద్ద తుపాకీ ఫిరంగి. అతనితో వచ్చిన సుఖరోగానికి వైద్య గ్రంథాల్లో ఫిరంగ రోగం అని పేరు. దానికి వాడిన మందు పరంగి చెక్క. మా జిల్లాలో ఫిరంగిపురమనే ఊరే ఉంది. ఆ పడమటివాళ్లు తక్కువ తిన్నారా? అరబ్బయినా, ఉత్తర ఆఫ్రికా బెర్బరయినా, మతం మారిన ఇటలీవాడయినా వాళ్లకు అందరూ "టర్కు"లే. మన "తురక" కూడా అదే దారిలో పోయింది. తెగ పేరు కాస్తా మతం పేరైంది. ఇటలీలోని కలాబ్రియాలో పుట్టి, తెడ్డు బానిసగా పడి, ఇస్లాం పుచ్చుకుని, చివరికి ఉస్మానియా నౌకాధిపతి అయిన ఉలుజ్ అలీ గురించి రాయాల్సి వస్తే "తురకల్లో కలిశాడు" అనే పాత మాట అచ్చంగా సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

సరిపోతుంది, కానీ లా వాలెట్ పక్షంవాళ్ల నోట మాత్రమే. కథకుడి నోట ఆ మాట రాయను. ఇవాళ చదివే ముస్లిం పాఠకుడికి అది గుచ్చుకుంటుంది. కథకుడు తుర్కులు, అరబ్బులు, ఉస్మానియా సైన్యం అని విడివిడిగానే చెబుతాడు. అలాగే తుర్గుత్ పక్షంవాళ్లు ఎదుటివాళ్లను పరంగులనే అంటారు. ఎవరి నోటి తిట్టు వాళ్ల నోటనే ఉంటుంది.

ఇదిగో, ప్రస్తుతానికి ఇలా రాశాను:

బల్లల మధ్య నడవలో లా వాలెట్ ఆగాడు. మూడో బల్ల మీద, నలుగురికి అవతల, తెడ్డు పిడి మీద గడ్డం ఆనించి ఉన్న మనిషిని పోల్చుకున్నాడు.

"డ్రాగూత్ దొరా! యుద్ధంలో ఇది మామూలే."

తుర్గుత్ తల ఎత్తలేదు. లా వాలెట్ మణికట్టు మీద ఇంకా మానని సంకెల మచ్చ కేసి చూశాడు.

"మామూలే దొరా. ఓడ మీద బండి. బండి మీద ఓడ."

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి

ఆ మచ్చ బాగుంది. "కేసి" మాత్రం విడిగా రాయకండి, కలిపి రాయండి.