అప్‌డేట్: చెరువు గట్టున కనిపించిన ఎర్ర వీపు కొంగ ఏదో తేలింది

హైదరాబాదులో నేను ఆఫీసుకు వెళ్లే దారిలోని చెరువు గట్టున ముదురు ఎరుపు వీపుతో కనిపిస్తున్న కొంగ ఏ జాతిదని, మురుగునీటిలోని రసాయనాల వల్ల దానికి ఆ రంగు అంటిందా అని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

అది మన చెరువుల్లో నిత్యం కనిపించే గుడ్డి కొంగే. ఎగిరేటప్పుడు రెక్కలు చూడమన్న సలహాయే విషయం తేల్చింది. గట్టున ముడుచుకుని నిలబడినంతసేపు వీపు మీద పీచులా జారిన ఎర్రటి ఈకలు, పసుపు ఛాయ గల మెడ మాత్రమే కనిపించిన ఆ పక్షి, దగ్గరగా మనిషి అలికిడి వినగానే పైకి లేచేసరికి రెక్కలూ తోకా తెల్లగా మెరిశాయి. కొందరు ఊహించిన సిన్నమన్ బిట్టర్న్ (కొంగల కుటుంబానికే చెందిన ఎర్రటి పక్షి) అయితే రెక్కలు కూడా ఎర్రగానే ఉండేవి.

ఫోటోలు చూసిన జంతుశాస్త్ర అధ్యాపకురాలు కూడా ఇదే నిర్ధారించి, గూడు కట్టే కాలంలో వచ్చే ఈ రంగు ఆ తర్వాత పోయి, మళ్లీ గోధుమరంగు చారలే మిగులుతాయని చెప్పారు. కొన్నింటికి ఆ రోజుల్లో కాళ్లు కూడా ఎర్రబడతాయట. కాబట్టి రసాయనాలకూ ఈ రంగుకూ సంబంధం లేదు. చెరువులోకి మురుగు చేరడం మాత్రం విడిగా పట్టించుకోవలసిన సమస్యే.