12వ పేరు ఎవరిది రాయాలి: ఎగిరేవాడిదా, అడుగు తెలిసినవాడిదా?

ప్రశ్న (కావలి, పీఈటీ):
మా హైస్కూల్ అబ్బాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి 11 పేర్లు రాసేశాను. 12వ పేరు దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. ఒకడు పరుగెత్తుకొచ్చి ఎగిరితే వేళ్లు రింగ్‌కి తగులుతాయి. 10 అడుగుల ఎత్తు, తొమ్మిదో తరగతి పిల్లాడికి మాటలు కాదు. గోడ మీద పిల్లలంతా ఈలలే. కానీ బంతి అందగానే రెండు కాళ్లూ కదిలిస్తాడు, ట్రావెలింగ్ (బంతి నేలకి కొట్టకుండా అడుగులేయడం) అని విజిల్ పడుతుంది. ఎడమచేత్తో లేఅప్ (రింగ్ దగ్గరికెళ్లి బంతి వేయడం) రాదు.

ఇంకొకడు పొట్టి. అందరూ ఇళ్లకి వెళ్లాక కూడా బోర్డు మీది చదరానికి గురిపెట్టి కొడుతూ ఉంటాడు. షాట్ పడిందా లేదా అని అందరూ పైకి చూస్తుంటే, వీడు తిరిగొచ్చే బంతి కోసం ఎదుటివాడికి వీపు ఆనించి చోటు పట్టేసి ఉంటాడు. నా మనసు వీడి మీదే ఉంది. ఊళ్లో అందరూ మొదటివాడినే అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు (నెల్లూరు):
సార్, నేను ఆ మొదటివాడినే. కాలేజీలో నేను ఎగిరితే చూడ్డానికి జనం వచ్చేవాళ్లు. ఒక ఫైనల్‌లో ఒక పాయింట్ వెనకబడి ఉన్నాం, నాకు రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. గీత నుంచి బోర్డుకి 15 అడుగులు, అడ్డం ఎవరూ లేరు. రెండూ పోయాయి. ఫ్రీ త్రో నేను ఏనాడూ కుదురుగా ప్రాక్టీస్ చేయలేదు. 24 ఏళ్లకి మోకాలు పోయింది, దాంతో నా ఆటంతా పోయింది. ఎగరడం తప్ప నా దగ్గర ఇంకేం లేదు మరి.

అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో ఆడిన టిమ్ డంకన్ బోర్డుకి కొట్టి వేసే షాట్ చూపించండి మీ పిల్లలకి. 'బిగ్ ఫండమెంటల్' అనేవాళ్లు ఆయన్ని. ఆయన జట్టు శాన్ ఆంటోనియోకి 1999 నుంచి 2014 దాకా 5 టైటిళ్లు, 40 ఏళ్లు వచ్చేదాకా ఆట. అదే లీగ్‌లో యోకిచ్ అనే ఆటగాడిని 2014 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్తవాళ్లని ఎంచుకునేది) 41వ స్థానంలో తీసుకున్నారు. పెద్దగా ఎగరడు, మూడుసార్లు ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు) అయ్యాడు. పొట్టివాడి పేరు రాసేయండి.

జవాబు (ఒంగోలు):
పైన అన్న రాసింది నిజమే, కానీ ఎగిరేవాడిని వదిలేయకండి. అడుగులు నేర్పొచ్చు, ఆ ఎగురుడు మనం ఇచ్చేది కాదు. మా వైపు బండలాగుడు పోటీల్లో జతలో ఒక గిత్త ఉరికితే కాడి వంకర పోతుంది, బండ కదలదు. అయినా దాన్ని ఎవరూ అమ్ముకోరు, అడుగు కలిపేదాకా తోలతారు. ఇద్దరినీ డ్రిబుల్ (బంతి నేలకి కొడుతూ కదలడం) లేకుండా పది నిమిషాలు ఆడించండి. పాస్, పివట్ (ఒక కాలు కదపకుండా రెండో కాలు తిప్పడం), అంతే. మీకే తెలిసిపోతుంది.

కావలి, పీఈటీ:
నిన్న సాయంత్రం ఆడించాను. ఎగిరేవాడు నాలుగుసార్లు బంతి పోగొట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పొట్టివాడు ఒక్కసారీ పోగొట్టలేదు. పేరు రాసేశాను. చీకటి పడ్డాక చూస్తే ఇద్దరూ కోర్టులోనే ఉన్నారు, కాలు ఎట్లా తిప్పాలో పొట్టివాడు ఎగిరేవాడికి చూపిస్తున్నాడు. ఇద్దరినీ రేపటి నుంచి ఉదయం ఆరుకే రమ్మన్నాను. ఎండెక్కితే ఆ సిమెంటు మీద నిలబడలేం.