సరైన పాస్‌వర్డ్ కొట్టినా లాక్ స్క్రీన్ తెరుచుకోవడం లేదు (ఆర్చ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ)

ప్రశ్న:
11 అంగుళాల తేలిక ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎమ్ఎమ్‌సీ నిల్వ. ఆర్చ్ లినక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, తెరను లాక్ చేసేది ఎక్స్‌ఎఫ్‌సీఈ4-స్క్రీన్‌సేవర్. మూత వేసి తెరిచాక ఒక్కోసారి పాస్‌వర్డ్ తప్పంటుంది. ఇక ఎంత జాగ్రత్తగా కొట్టినా అదే మాట. కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌కి వెళ్లినా లాగిన్ కానివ్వదు. రీబూట్ చేస్తే అదే పాస్‌వర్డ్ పనిచేస్తుంది. కాసేపు వదిలేసి వచ్చినా పనిచేస్తుంది. ఇంగ్లిష్, తెలుగు రెండు లేఅవుట్లూ పెట్టి ఉన్నాయి. పాస్‌వర్డ్ ఫైలు పాడైందంటారా? మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

జవాబు 1:
అక్కర్లేదండి. షాడో ఫైలు (పాస్‌వర్డ్‌ల ఫైలు) పాడైతే రీబూట్‌తో బాగవదు, కాసేపు ఆగినంత మాత్రానా బాగవదు. మీ లక్షణాలు ఫెయిల్‌లాక్‌వి, అంటే తప్పు పాస్‌వర్డ్‌లు ఎక్కువైతే ఖాతాను మూసేసే ఏర్పాటువి. ఆర్చ్‌లో ఈ పామ్ (లాగిన్ తనిఖీ వ్యవస్థ) మాడ్యూల్ మొదటినుంచే ఆన్‌లో ఉంటుంది. 15 నిమిషాల లోపు 3 సార్లు తప్పు కొడితే ఖాతాను 10 నిమిషాలు మూసేస్తుంది. ఆ తర్వాత మీరు కొట్టింది సరైన పాస్‌వర్డే అయినా తిప్పికొడుతుంది. లాక్ స్క్రీన్ మాత్రం "తప్పు" అని ఊరుకుంటుంది, అసలు కారణం చెప్పదు. లెక్క /రన్/ఫెయిల్‌లాక్‌లో ఉంటుంది. అది ర్యామ్‌లోని జాగా కాబట్టి రీబూట్‌తో చెరిగిపోతుంది.

ఈసారి ఇలా జరిగితే కన్సోల్‌లో రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతో) లాగిన్ అవండి. మామూలు సెట్టింగుల్లో ఫెయిల్‌లాక్ రూట్ జోలికి పోదు. ముందు చూడండి:

ఫెయిల్‌లాక్ --యూజర్ మీ_యూజర్‌పేరు

వరుసల చివర "వి" ఉంటే ఆ తప్పు ఇంకా లెక్కలో ఉన్నట్టు, "ఐ" ఉంటే పాతబడినట్టు. అదే కమాండ్ చివర --రీసెట్ చేరిస్తే తాళం వెంటనే పోతుంది. సుడో (రూట్ అధికారంతో కమాండ్ నడిపేది) ఒక్కసారి పాస్‌వర్డ్ అడిగితేనే మూడు అవకాశాలుంటాయని గుర్తుంచుకోండి. మూడూ తప్పితే అక్కడికక్కడే ఖాతా మూతపడుతుంది.

జవాబు 2:
పై జవాబు తాళం సంగతి చెప్పింది. మరి మొదటి మూడు తప్పులు ఎందుకు పడుతున్నాయి? రెండు లేఅవుట్లు అన్నారు కాబట్టి నా అనుమానం దానిమీదే. ఈ స్క్రీన్‌సేవర్ మీ సెషన్‌లోనే నడుస్తుంది. తెలుగులో టైప్ చేస్తుండగా మూత వేస్తే, తెరిచేసరికి కూడా తెలుగే ఉంటుంది. పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలే కదా, తేడా తెలియదు. రీబూట్ అయ్యాక లైట్‌డీఎమ్ (లాగిన్ తెర) మొదటి లేఅవుట్‌తో మొదలవుతుంది, అందుకే అక్కడ సమస్య రాదు. లాక్ స్క్రీన్‌లో కొట్టేముందు లేఅవుట్ మార్చే షార్ట్‌కట్ ఒకసారి నొక్కి చూడండి.

ఇంకో అనుమానం నమ్‌లాక్. నంబర్ ప్యాడ్ లేని కొన్ని చిన్న కీబోర్డుల్లో నమ్‌లాక్ పడితే యు, ఐ, ఓ కీలు 4, 5, 6 అవుతాయి, జె, కె, ఎల్ 1, 2, 3, ఎమ్ సున్నా. బయటి కీబోర్డు తగిలించి తీసేశాక ఇది మిగిలిపోవచ్చు. ఎడిటర్ తెరిచి ఆ ఏడు అక్షరాలూ కొడితే తేలిపోతుంది. లాగిన్ కాగానే నమ్‌లాక్‌ని ఆన్ చేసేలా నమ్‌లాక్‌ఎక్స్ ఆన్ అనే కమాండ్ పెట్టుకుని ఉంటే తీసేయండి, ఇలాంటి ల్యాప్‌టాప్‌కి దానితో ఒరిగేదేమీ లేదు.

ప్రశ్న అడిగినవారు:
లేఅవుటే. తెలుగులో ఉంచి లాక్ చేస్తే ప్రతిసారీ తప్పంటోంది, షార్ట్‌కట్ నొక్కి కొడితే తెరుచుకుంటోంది. ఫెయిల్‌లాక్ జాబితాలో మూడు "వి" వరుసలు కనిపించాయి. ఆ మాడ్యూల్‌ని పూర్తిగా తీసేస్తే నష్టమా?

జవాబు 1:
తీసేయకండి, సడలించండి. /ఈటీసీ/సెక్యూరిటీ/ఫెయిల్‌లాక్.కాన్ఫ్‌లో డినై = 5, అన్‌లాక్_టైమ్ = 120 చేయండి. మొదటి అంకె ఎన్ని తప్పులకు తాళం పడాలో, రెండోది ఆ తాళం ఎంతసేపుండాలో, సెకన్లలో. వరుస ముందున్న # తీయడం మరవొద్దు. రీబూట్ అక్కర్లేదు, తర్వాతి లాగిన్ నుంచే అమలవుతుంది. పామ్ సెట్టింగులుండే పామ్.డి ఫోల్డర్‌లోని ఫైళ్లను మాత్రం ముట్టుకోకండి. అక్కడ ఒక్క వరుస తప్పినా రూట్‌తో సహా ఎవరికీ లాగిన్ ఉండకపోవచ్చు. తప్పనిసరై మారిస్తే ఇంకో కన్సోల్‌లో రూట్ షెల్ తెరిచి ఉంచుకుని, కొత్తగా లాగిన్ అయి చూశాకే దాన్ని మూయండి.

జవాబు 3:
ఇదే వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు: పాస్‌వర్డ్ తీసుకుని, తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తే అది వేరే జబ్బు. కన్సోల్‌లో లాగిన్ అయి డీఎఫ్ -హెచ్ కొట్టండి, ఎంత జాగా మిగిలిందో చూపిస్తుంది. 32, 64 జీబీ ఈఎమ్ఎమ్‌సీలు త్వరగా నిండుతాయి, జాగా లేకపోతే సెషన్ మొదలవదు. ఆర్చ్‌లో పాత ప్యాకేజీల క్యాష్ చాలా జాగా తింటుంది, ముందు దాన్ని తగ్గించే పాక్‌క్యాష్ -ఆర్ నడపండి. జాగా ఉన్నా అదే వరసైతే హోమ్‌లోని .ఎక్స్‌అథారిటీ ఫైలు (తెర వాడుకునే అనుమతి ఇందులో ఉంటుంది) రూట్ పేరున ఉందేమో చూడండి. సుడోతో స్టార్ట్‌ఎక్స్ (డెస్క్‌టాప్ మొదలుపెట్టే కమాండ్) నడిపితే అలా అవుతుంది. చౌన్‌తో (ఫైలు యజమానిని మార్చే కమాండ్) మీ పేరుకి మార్చుకుంటే సరి.