షోరూం ఎస్టిమేట్ 11,400: క్లెయిమ్ పెట్టాలా, జేబులోంచి పెట్టుకోవాలా?

గుంటూరు హ్యాచ్‌బ్యాక్:
అందరికీ నమస్కారం. కారు కొని నాలుగేళ్లు దాటింది, 1200 సీసీ పెట్రోలు బండి. మొన్న బ్రాడీపేటలో రోడ్డు పక్కన ఆపి మందుల షాపుకు వెళ్లొచ్చేసరికి ఎవరో వెనక నుంచి కొట్టి వెళ్లిపోయారు. బంపర్ కుడి మూల చీలింది, డిక్కీ డోర్ అంచున అరచేయంత సొట్ట పడింది. షోరూంలో 11,400 ఎస్టిమేట్ ఇచ్చారు. "జీరో డెప్ (భాగాల పాతదనానికి కోత లేకుండా కంపెనీ ఇచ్చే అదనపు కవర్) ఉంది కదా సార్, మీ మీద పడేది వెయ్యి రూపాయలే, క్లెయిమ్ పెట్టేద్దాం" అని సర్వీస్ అడ్వైజర్ తొందరపెడుతున్నాడు. ఇంతవరకు నేను ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే డిస్కౌంట్) 45 శాతం నడుస్తోంది, ఈ రెన్యువల్‌కి 50కి చేరాలి. డిస్కౌంట్ తీయకముందు ఓడీ (ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి తగిలే దెబ్బల కవర్) ప్రీమియం 7,800. మా ఆవిడ పెట్టమంటోంది, మా బావగారు వద్దంటున్నారు. తప్పు నాది కాదు కాబట్టి బోనస్ పోదేమోనని ఒక ఆశ కూడా ఉంది. మీరేమంటారు?

మియాపూర్ రోజువారీ:
పెట్టేయండి సార్. ఇన్సూరెన్స్ కట్టేది ఇందుకు కాకపోతే ఇంకెందుకు? నాలుగేళ్లు ప్రీమియం కట్టి, జీరో డెప్‌కి అదనంగా కట్టి, తీరా అవసరం పడ్డప్పుడు మన డబ్బులే పెట్టుకోవడం ఏం న్యాయం? లెక్క చూసినా అంతే. క్లెయిమ్ పెడితే మీకు మిగిలేది 10,400. వచ్చే రెన్యువల్‌లో పోయే డిస్కౌంట్ 7,800లో సగం, అంటే 3,900. జీఎస్టీ 18 శాతం కలిపినా 4,602. దాదాపు ఆరు వేలు మీకే మిగులుతోంది.

ఖమ్మం లెక్కలు:
మియాపూర్ గారూ, మీరు ఒక్క ఏడాదితో లెక్క ఆపేశారు. నాకు బాధ కలిగించేది ఇదే, చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఎన్‌సీబీ ఒకసారి సున్నాకి పడితే మళ్లీ మెట్టు మెట్టుగా ఎక్కాల్సిందే. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50.

గుంటూరు గారు క్లెయిమ్ పెట్టకపోతే ఇకపై ప్రతి రెన్యువల్‌లో 50 వస్తుంది. పెడితే వరసగా 0, 20, 25, 35, 45 వస్తుంది, ఆ తర్వాతే మళ్లీ 50. అంటే పోయేది 50, 30, 25, 15, 5. అన్నీ కలిపితే 125 శాతం. ఏడాది ఓడీ ప్రీమియం మొత్తం పోగా, ఇంకో పావు వంతు కూడా పోతుంది. 7,800 మీద అది 9,750, జీఎస్టీతో 11,505. మిగిలేది 10,400, పోయేది 11,505! ఏటా ఐడీవీ (పాలసీలో బండికి కట్టే విలువ) తగ్గేకొద్దీ ఓడీ కూడా తగ్గుతుంది కాబట్టి నిజంగా పోయేది దీనికంటే కొంత తక్కువే ఉండొచ్చు. కానీ ఆరు వేల లాభం అన్నది మాత్రం నిలబడదు.

ఇదే దెబ్బ కొత్త కారుకి మొదటి ఏడాదిలోనే తగిలితే నేనే పెట్టమంటాను. అప్పుడు పోయేది 20, 5, 10, 10, 5, మొత్తం 50 శాతమే. బిల్లు ఎంతన్నది ఒక్కటే చూస్తే చాలదు, మీరు ఏ మెట్టు మీద నిలబడ్డారన్నది కూడా చూడాలి.

ఇక తప్పు ఎవరిదన్న ఆశ వదిలేయండి. మీ పాలసీలో ఓడీ కింద క్లెయిమ్ తీసుకుంటే కొట్టింది ఎవరైనా బోనస్ పోతుంది. ఇంకో మాట, ఎన్‌సీబీ ఓడీ ప్రీమియం మీదే వస్తుంది, థర్డ్ పార్టీ ప్రీమియం మీద రాదు. కాబట్టి రెన్యువల్ కాగితంలో మొత్తం అంకె చూసి సగం తీసేయకండి, ఓడీ అని రాసి ఉన్న వరసే చూడండి.

మియాపూర్ రోజువారీ:
మెట్ల లెక్క బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ అందులో ఒక ఊహ దాగి ఉంది: ఈ ఐదేళ్లలో ఇంకే దెబ్బా తగలదని. నేను రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్లొస్తాను. బైకులు, ఆటోలు, వాటర్ ట్యాంకర్ల మధ్య ఐదేళ్లు ఒక్క గీత పడకుండా నడపడం ఎవరి తరం? వచ్చే పాలసీ ఏడాదిలో పెద్ద దెబ్బే తగిలిందనుకోండి, అప్పుడు ఎలాగూ క్లెయిమ్ పెట్టాలి, బోనస్ ఎలాగూ సున్నా. ఆ లెక్కన ఇప్పటి క్లెయిమ్ వల్ల మీకు నిజంగా పోయింది మొదటి 50 శాతమే, అంటే నేను చెప్పిన 4,602. దాచుకున్న బోనస్ ఒక్క దెబ్బకి ఎగిరిపోతుంది. ఇప్పుడు చేతికొచ్చే 10,400 మాత్రం ఖాయం.

ఆటోనగర్ టింకరింగ్:
విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్ పని మాది. మీరిద్దరూ 11,400 అన్న అంకెను పట్టుకునే కొట్టుకుంటున్నారు. అసలు ఆ అంకె ఎక్కడిది? క్లెయిమ్ బండి అనుకుంటే షోరూంలో సాధారణంగా బంపర్ కొత్తది రాస్తారు. సొంత డబ్బులైతే బాగుచేయగలమా అని ముందు చూస్తారు. అదే బండి, అదే చీలిక, రెండు బిల్లులు. అందుకే "జేబులోంచి కట్టుకుంటాను, ఎంతవుతుంది" అని అడిగి ఇంకో ఎస్టిమేట్ తీసుకోండి.

చీలిక ఎక్కడుందో కూడా చూడాలి అన్నా. బంపర్ మధ్యలో చీలితే ప్లాస్టిక్ వెల్డింగ్ చేసి, లప్పం పెట్టి, పెయింట్ వేస్తే ఏళ్లు నిలుస్తుంది. మూలలో, అదీ ఫెండర్‌కి పట్టుకునే లాక్ దగ్గర చీలితే, ఎంత బాగా అతికినా స్పీడ్ బ్రేకర్ల అదురుకి మళ్లీ నోరు తెరుస్తుంది. అప్పుడు బంపర్ మార్చడమే మంచిది. మోకాళ్ల మీద కూర్చుని మొబైల్ లైటు వేసి కింద నుంచి చూడండి: లోపలి బ్రాకెట్ వంగిందా, క్లిప్పులు ఊడి వేలాడుతున్నాయా, పార్కింగ్ సెన్సర్ లోపలికి నొక్కుకుపోయిందా, టెయిల్ ల్యాంప్ కాలు విరిగిందా. వీటిలో ఏది పోయినా బిల్లు 11,400 దగ్గర ఆగదు. బండి సిల్వరో, పెర్ల్ వైటో అయితే పక్క ప్యానెల్‌తో రంగు కలపడం ఆషామాషీ కాదు. డెలివరీ సాయంత్రం లైట్ల కింద కాకుండా పగటి ఎండలో తీసుకోండి.

నెల్లూరు కొత్త బండి:
ఎలాగూ పెడుతున్నప్పుడు ఎడమ వైపు పాత గీతలు కూడా అందులోనే కలిపేయొచ్చు కదా? మాకు షోరూంలో అలాగే సలహా ఇచ్చారు.

సర్వే చేసినవాణ్ని:
దయచేసి అలా చేయకండి. చాలా ఏళ్లు మోటార్ సర్వే, అంటే క్లెయిమ్ బండ్ల దెబ్బలు చూసి నష్టం లెక్కకట్టే పనే చేశాను. ఒక్కో ప్రమాదం ఒక్కో క్లెయిమ్, ప్రతిదానికీ మన వంతుగా తప్పక కట్టాల్సిన కంపల్సరీ డిడక్టబుల్ విడిగా పడుతుంది (1500 సీసీ వరకు 1,000, ఆపైన 2,000). వెనక నుంచి గుద్దితే ఎడమ తలుపు మీద అడ్డగీత ఎలా వస్తుంది? గీత ఏ ఎత్తులో ఉంది, ఏ దిక్కుగా సాగింది, లోపల మట్టి పేరుకుందా, రేకు కనిపించే చోట తుప్పు మొదలైందా అన్నవి చూస్తే పాతదో కొత్తదో తెలిసిపోతుంది. క్లెయిమ్ ఫారంలో అబద్ధం రాస్తే మొత్తం క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి కారణం దొరికినట్టే. సలహా ఇచ్చినవాళ్లు సంతకం పెట్టరు, పెట్టేది మీరు.

గుంటూరు గారికి రెండు విషయాలు. దెబ్బ సంగతి వెంటనే తెలియజేయాలని పాలసీలో ఉంటుంది, కాబట్టి రోజుల తరబడి ఆలోచిస్తూ కూర్చోవద్దు. క్లెయిమ్ పెట్టే ఉద్దేశం కొంచెం ఉన్నా సర్వే కాకముందు రిపేరు మొదలుపెట్టొద్దు. బంపర్ విప్పాల్సి వస్తే ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. నమోదు చేశాక వెనక్కి తీసుకోవాలనుకుంటే, బోనస్ ఉంటుందని కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే తీసుకోండి.

జీరో డెప్ లేనివాళ్లకు ఈ చర్చే అక్కర్లేదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు కంపెనీ సగమే ఇస్తుంది. ఇనప భాగాలు మారిస్తే నాలుగేళ్లు దాటిన బండికి 35 శాతం కోత. మీద డిడక్టబుల్. చిన్న బంపర్ క్లెయిమ్‌లో చేతికి వచ్చేది చాలా తక్కువ.

ఇవన్నీ రేకు, ప్లాస్టిక్ దెబ్బలకే. మనిషికి తగిలితే, అది ఎంత చిన్నదైనా, బోనస్ లెక్క పక్కన పెట్టి పోలీసులకీ, కంపెనీకీ వెంటనే చెప్పాలి.

బెంగళూరు తెలుగు:
ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు. ఈ కారు ఇంకెన్నాళ్లు ఉంచుకుంటారు? ఎన్‌సీబీ కారుది కాదు, మనది. కారు అమ్మినప్పుడు కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకి వాడుకోవచ్చు. కొత్త కారు ఓడీ ప్రీమియం 24,000 అనుకుంటే దాని మీద 50 శాతం అంటే ఒక్క ఏడాదిలోనే 12,000. కారు మార్చే ముందు బంపర్ కోసం దాన్ని పోగొట్టుకోవడం నాకు అస్సలు నచ్చదు.

గుంటూరు హ్యాచ్‌బ్యాక్:
అందరికీ ధన్యవాదాలు. ఆటోనగర్ అన్న చెప్పినట్టు కింద నుంచి చూశాను, ఫొటోలు తీశాక షెడ్డులో విప్పించాను కూడా. బ్రాకెట్ బాగానే ఉంది, రెండు క్లిప్పులు పోయాయి. చీలిక లాక్‌కి కొంచెం పైన ఆగింది. వెల్డింగ్, సొట్ట తీయడం, రెండు ప్యానెళ్ల పెయింట్ కలిపి 6,200 చెప్పారు. ఏడాదిన్నరలో పెద్ద బండి తీసుకునే ఆలోచన మాకు ముందు నుంచీ ఉంది. బెంగళూరు గారి లెక్క మా ఆవిడకి చూపించాను. క్లెయిమ్ పెట్టడం లేదు.

మియాపూర్ రోజువారీ:
6,200కి పని అవుతుంటే, కారు కూడా మారుస్తుంటే మీ నిర్ణయం సరైనదే సార్. కానీ బండి ఇంకో ఐదారేళ్లు నడుపుకునేవాళ్లకి, 20, 25 మెట్టు మీద ఉన్నవాళ్లకి, 15,000 బిల్లు వస్తే నేను ఇప్పటికీ పెట్టమనే చెప్తాను.

ఖమ్మం లెక్కలు:
25 దగ్గర ఉండి బిల్లు 15,000 అయితే నేనూ పెట్టమంటాను. 50 దగ్గర ఉంటే మాత్రం ముందు ఓడీ వరస చూపించమంటాను. గుంటూరు గారూ, రెన్యువల్ తేదీ దాటనివ్వకండి. పాలసీ ముగిసి 90 రోజులు దాటితే మీరు ఇప్పుడు కాపాడుకున్న 50 శాతం క్లెయిమ్ లేకుండానే పోతుంది.