కొండలు ఎక్కడం నిజంగా బతుకు నేర్పుతుందా?

కొండదారి (సీతమ్మధార):
ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో ప్రాథమిక శిక్షణ పూర్తి చేసి వచ్చాను. మంచువాలు మీద జారితే ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) మొనను మంచులోకి దించి, ఒంటి బరువంతా దాని మీద వేసి ఆగాలి. బూట్లకు ఇనుప ముళ్లు బిగించి ఉంటే కాళ్లు పైకెత్తే ఉంచాలి. ఆగడం వచ్చాకే పైకి వెళ్లనిస్తారు. మూడు వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. పలచటి గాలికి తలనొప్పి ముదిరితే శిఖరం కనిపిస్తున్నా దిగిపోవాలి. ఎక్కడ ఆగాలో ఇంట్లో గానీ ఆఫీసులో గానీ నాకు ఎవరూ నేర్పలేదు. కొండ నేర్పింది. మీరేమంటారు?

గాజువాక మాస్టారు:
దానికి ఉత్తరకాశీ దాకా వెళ్లాలా? ఆషాఢ పౌర్ణమికి తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచే ముసలమ్మలను చూడండి. ఓర్పు అంటే అది. వాళ్లెవరూ పాఠాలు నేర్చుకున్నామని చెప్పుకోరు.

అలలు:
పాడేరు దగ్గరి వనజంగి కొండ ఎక్కి, కాళ్ల కింద మబ్బులు చూశాక నాకైతే మనసు తేలికపడింది.

కొండదారి:
వనజంగి నడక. తాడు, ఐస్ యాక్స్ అవసరం లేనిదాన్ని పర్వతారోహణ అనరు.

గాజువాక మాస్టారు:
కిలిమంజారో 5,895 మీటర్లు. మామూలు దారిలో దానికీ తాడు అక్కర్లేదు. మరి అదీ నడకేనా? మా మేనల్లుడు అది ఎక్కి వస్తే శాలువా కప్పి ఊరేగించారు. ఖర్చుకు మా అక్క గాజులు తాకట్టులోకి వెళ్లాయి. డబ్బున్నవాళ్ల సరదా ఇది, లేనివాళ్లకు అప్పు.

మాధవధార:
డబ్బున్నవాళ్ల సరదా అనకండి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ. అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. భువనగిరి కొండ మీద తాడు పట్టడం నేర్చుకుంది.

గాజువాక మాస్టారు:
ఆ పిల్ల వెనక గురుకులం నిలబడింది. మావాడి వెనక గాజులు తప్ప ఏమున్నాయి? మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. అంతటివాడు 2015లో ఆండీస్‌లో ప్రాణాలు వదిలారు. ఆగడం ఆయనకు రాదా?

కొండదారి:
పోయిన మనిషిని వాదనలోకి లాగకండి మాస్టారూ. ఆ రోజు అక్కడ ఏం ఎదురైందో మీరు చూడలేదు, నేను చూడలేదు. నా సంగతి చెబుతాను. నా జీతంలో దాచుకున్న డబ్బుతో వెళ్లాను. "పిల్లలను వదిలి కొండలేమిటి" అని బంధువులంతా అడిగారు. మా ఆయన స్నేహితులతో ఊళ్లు తిరిగితే ఒక్కరూ నోరెత్తలేదు. మీరు ఇంతసేపూ అడుగుతున్నది పాఠం గురించి కాదు, ఎవరి అనుమతితో వెళ్లారని.

గాజువాక మాస్టారు:
అవును, అదే అడుగుతున్నాను. ఆడా మగా అని కాదు. మావాడి ఫోను అందని రాత్రి మా అక్క వీధి గుమ్మంలోనే కూర్చుంది. తెల్లవారాక పాలవాడు పిలిస్తే గానీ లేవలేదు. వాడేం నేర్చుకున్నాడో సభలో అడిగారు. ఆవిడేం పడిందో ఎవరూ అడగలేదు.

అలలు:
మాస్టారూ, ఈ మాట మొదటే చెప్పాల్సింది.

కొండదారి:
ఆవిడను అడగాల్సింది మీ మేనల్లుడు. నేను వెళ్లేముందు మా అత్తగారిని కూర్చోబెట్టి ఏ రోజు ఎక్కడ ఉంటానో, ఎక్కడ ఫోను పనిచేయదో క్యాలెండరు మీద రాయించాను. అంత చేయడం నా బాధ్యత. మీవాడు చేయని పనికి కొండను తిట్టడం న్యాయం కాదు.

గాజువాక మాస్టారు:
ఒక్కటి చెప్పండి అమ్మా. మీ అత్తగారు వద్దంటే ఆగేవారా?

కొండదారి:
ఆగేదాన్ని కాదు.

గాజువాక మాస్టారు:
నాకు అక్కడే పొసగదు.