కాలిపోయాక మళ్ళీ కట్టిన చెక్క వంతెన పాతదేనా?

రాజాం_అబ్బాయి:
అమ్మానాన్న రాజాం నుంచి వచ్చారు. అక్టోబరులో వాళ్ళను ఇక్కడ అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని పార్క్ కౌంటీకి తీసుకెళ్ళాను. పైకప్పు ఉన్న చెక్క వంతెనలు అక్కడ 31 ఉన్నాయి. 1957 నుంచి అక్టోబరులో పది రోజుల ఉత్సవం కూడా చేస్తున్నారు. బ్రిడ్జ్‌టన్ వంతెన చూసి అమ్మ మురిసిపోయింది. "ఏటి మీద ఇల్లు కట్టినట్టుందిరా" అంది. అది 1868 నాటిది. 2005లో ఎవరో నిప్పు పెడితే కాలిపోయింది. 2006లో అదే నమూనాలో మళ్ళీ కట్టుకున్నారు. ఆ మాట చెప్పగానే నాన్న "అయితే కొత్తదే కదా, ఇంత దూరం దీనికా?" అని వెళ్ళి కార్లో కూర్చున్నారు. మీరేమంటారు?

కోట_వాకిలి:
నాన్నగారి మాటే నిజం. మా విజయనగరం కోట 1713 నాటిది. రేపు దాన్ని పడగొట్టి అచ్చం అలాగే సిమెంటుతో కడితే చూడ్డానికి వెళ్తామా? ఆ కప్పు కూడా గుర్రాలు నీళ్ళు చూసి బెదరకుండా వేసిందే. గుర్రాలూ పోయి, చెక్కా కాలిపోయాక ఇంకేం మిగిలింది?

వడ్రంగి_మనవడు:
గుర్రాల కోసం కాదండీ. మాది సోంపేట, మా తాత ఎడ్లబళ్ళు చేసేవారు. కర్రను తినేది అతుకుల్లో నిలిచిపోయే తడి. కప్పు లేని చెక్క వంతెన పది ఇరవై ఏళ్ళకే పుచ్చిపోతుంది. కప్పు ఉంటే వందేళ్ళు దాటినా నిలుస్తుంది. బరువంతా మోసేది రెండు పక్కలా ఉండే దూలాల చట్రం, దాని మీద వాన పడకూడదనే ఆ కప్పు. 2018లో తిత్లీ తుపానుకి మా ఇంటి పెంకులు లేచిపోయాయి. "తర్వాత చూద్దాంలే" అన్నారు మా బాబాయిలు. రెండు వానాకాలాలు తిరిగేసరికి తాత చెక్కిన వాసాలు వేలితో నొక్కితే పొడి రాలాయి. తాత చూస్తుండగానే.

కోట_వాకిలి:
మీ ఇంటి సంగతి వేరు. గుర్రాల మాట నేను చాలాచోట్ల చదివాను.

వడ్రంగి_మనవడు:
గుర్రం బెదరకుండా ఉండాలంటే పక్కగోడలు చాలు కదా, పైన కప్పెందుకు? చదివారు సరే, ఎప్పుడైనా కర్ర పట్టుకున్నారా?

కంటోన్మెంట్_పిల్ల:
పైడితల్లి అమ్మవారి సిరిమాను ఏటా కొత్త చింతచెట్టుతోనే చేస్తారు. పండగ పాతది కాకుండా పోయిందా?

కోట_వాకిలి:
అమ్మవారి విషయం ఇందులోకి తేకండి.

ఏటి_అవతల:
మీరు కప్పు గురించి కొట్టుకుంటున్నారు. మా ఊరికి అసలు వంతెనే లేదు.

కోట_వాకిలి:
తమ్ముడూ, ఇక్కడి టాపిక్ అది కాదు.

ఏటి_అవతల:
అదే టాపిక్. చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి పాతదా కొత్తదా అన్న పట్టింపు ఉంటుంది, దాటేవాళ్ళకి ఉండదు. మాది నాగావళి అవతలి ఊరు. రెండేళ్ళ కింద రాత్రిపూట మా అప్పకి నొప్పులొస్తే నాటుపడవలో తెచ్చాం. ఏరు పొంగి ఉంది. మా బావ టార్చిలైటు పట్టుకున్నాడు, నేను నీళ్ళు తోడుతూ కూర్చున్నాను. బిడ్డ పడవలోనే పుట్టింది. పక్కనే వంతెన పిల్లర్లు, పైన ఏమీ లేదు. కడతామని రాయి వేసినప్పుడు నేను ఆరో తరగతి. మా ఏటి మీద ఎవరైనా చెక్కతో కట్టినా, కాలిపోతే మళ్ళీ కట్టినా, నాకు అదే కోట.

కోట_వాకిలి:
తప్పుగా అనుకోకు తమ్ముడూ. అప్ప, పాప బాగున్నారా? నేను పాతదే కావాలని ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను. మా ముత్తాత కట్టిన మండువా ఇంటిని "అచ్చం ఇలాగే మళ్ళీ కట్టుకుందాం" అని మావాళ్ళే పడగొట్టారు. స్తంభాలు అమ్మేశారు. ఇప్పుడక్కడ నాలుగు షాపులు. మళ్ళీ కడతాం అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

వడ్రంగి_మనవడు:
ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను అంత గట్టిగా అనేవాణ్ణి కాదండీ. కానీ బ్రిడ్జ్‌టన్‌వాళ్ళు చెప్పి ఊరుకోలేదు, మరుసటి ఏడాదికి కట్టేశారు. నేనైతే అది చూడ్డానికే వెళ్తాను.

ఏటి_అవతల:
మా అప్ప బాగుంది. పాప నడుస్తోంది.

రాజాం_అబ్బాయి:
కోట_వాకిలి గారూ, మీరు కోరే అసలు పాతదీ ఉంది. న్యూహాంప్‌షైర్, వెర్మాంట్ రాష్ట్రాల మధ్య కనెక్టికట్ నది మీద 1866లో కట్టిన చెక్క వంతెన. ఇప్పటికీ దాని మీద కార్లు వెళ్తున్నాయి.

ఏటి_అవతల:
కార్లేనా? 108 బండి వెళ్తుందా అన్నయ్యా?